తరుగు

ప్రొద్దుటూరు మెయిన్ బజారు వెనక సందులో
వెండి కరిగించే కొట్టులో లెక్కలు రాస్తాను.
పగలంతా తూకం.
రాత్రి అన్నం తిన్నాక
బీరువా కింది అరలోంచి ఆల్బం తీసి
ఒళ్లో పెట్టుకుంటాను.

పదకొండు అమెరికా వెండి డాలర్లు.
ఒకటి బెంగళూరు నాణేల సంతలో, నెల జీతం పోసి.
ఒకటి కడపలో పాతసామాన్ల మునాఫ్ దగ్గర,
నాలుగు టీలు తాగించి, రెండుసార్లు అలిగి లేచొచ్చి.
ఒకటి పసిపిల్లాడి మొలతాడుకు వేలాడుతూ
తనంతట తానే మా కొట్టుకొచ్చింది.
తొర్ర పొడిచినారు. తొర్ర పడితే ధర పోతుంది.
ఇంకొకదాన్ని మా చెల్లెలు సంజమ్మ
ఇత్తడి చెంబులతో పాటు చింతపండేసి తోమింది.
నూరేండ్లు మెల్లగా పట్టిన నలుపు
అర నిమిషంలో తూములోకి పోయింది.
"తళతళమంటాంది సూడన్నా" అని చేతిలో పెట్టింది.
మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

నాకు లేనిది పందొమ్మిది వందల మూడు.
గద్ద తోక కింద ఎస్ అనే అక్షరముండాలి,
చీమ తలంత.
ఆ గుంట ఖాళీ.

ఎందుకు దొరకదో చదివి తెలుసుకున్నాను.
మొదటి యుద్ధం ఆఖరున ఇక్కడ వెండికి కటకట.
నోటు చేతపట్టుకుని జనం రూపాయి బిళ్ళ ఇమ్మన్నారు.
అక్కడ ఖజానాలో మూలుగుతున్న డాలర్లు
ఇరవై ఏడు కోట్లు మూసలోకి పోయినాయి.
ఎక్కువ వంతు కడ్డీలై ఓడెక్కి ఇక్కడికొచ్చి
జార్జి తలకాయ పొడిపించుకున్నాయి.
ఒక డాలరుకు రెండుంబావు రూపాయలు.
ఏ ఏటివి ఎన్ని కరిగినాయో
ఎవరూ రాసిపెట్టలేదు.

తప్పించుకున్నదానికి ధర.
కరిగినదానికి తూకం.

మొన్న బుధవారం రాజుపాలెం ఓబుళమ్మ
తువ్వాలలో చుట్టి కాళ్ల కడియాలు తెచ్చింది.
పిండిమర మోటారు కాలిపోయిందంట.
"మా జేజి పెండ్లికి నలభై జార్జి రూపాయలు పోసి
చేపిచ్చినారబ్బా, ఒగటి తక్కువ గాదు."
నలభై రూపాయలంటే నలభై తులాలు,
నాలుగు వందల అరవై ఆరు గ్రాములు.
కాటా నాలుగు వందల నలభై దగ్గర ఆగింది.

"చేసినోడు మింగింటాడులే" అని నవ్వింది.
ఎవరెవరు తొడిగినారు అని అడిగినాను.
"జేజి. మాయమ్మ. మొన్నటిదాంకా నేను.
నల్లరేగడిలో కలుపుకూ ఇయ్యే, పత్తి తీయనూ ఇయ్యే."

నడిపెన్న మూసలో వెలిగారం చల్లినాడు.
వెండి మెత్తబడేదాకా ఊరికే కూచోలేక
బల్ల మీదున్న నా తోమిన డాలరు తీసింది.
ధర పోయినాక దాన్ని జేబులో వేసుకునే తిరుగుతున్నాను.
"ఎవురబ్బా ఈయమ్మ? చెవులకు కమ్మలు ల్యావు."
తిప్పి, వెలుతురుకు పట్టి,
"తల్లో పత్తికాయలు పెట్టుకోనుండాదే!"

పదేండ్లుగా భూతద్దం పెట్టి చూస్తున్నాను.
ఆకులనుకున్నాను.

"పగిలిన కాయలబ్బా. ఇంగ రెండు దినాల్లో తీయాల,
లేకుంటే గాలికి పోతాది."

అప్పటికి కడియాలు లేవు.
మూసలో ఒక ఎర్రటి వణుకు,
అచ్చులో పోస్తే తెల్లబడి ఊరుకుంది.
డబ్బు రెండుసార్లు లెక్కబెట్టుకుని
రొంటిన దోపుకుని బస్సుకు పోయింది.

రాత్రి ఆల్బం తెరిచి లెక్కేసినాను.
అరవై ఆరులో నలభై పోతే ఇరవై ఆరు.
డాలరు బరువు ఇరవై ఆరూ ముప్పావు.
చేసినోడు మింగినాడో,
మూడు జతల కాళ్ల కింద అరిగి
చాళ్లలో కలిసిందో.
అందులో నా మూడో సంవత్సరం ఉందో లేదో
కనుక్కునే గీటురాయి ఏ అంగట్లోనూ లేదు.

ఖాళీ గుంట కింద రాసినాను:
రాజుపాలెం, ఓబుళమ్మ చేను. తరుగు, ఒకటి.

పెన్సిలుతోనే.
ఎప్పుడన్నా దొరికితే చెరపొచ్చని.